రఫ్ ఫోల్డరు

కొత్తగా వచ్చిన మేనేజరుకు పాఠాలమ్మ ఎవరో తెలియదు. తెలియకపోవడంలో తప్పేమీ లేదు. తెలుసుకుందామన్న ధ్యాస కూడా లేకపోవడమే అన్యాయం. చూపు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే ఆ చిన్న స్టూడియోలో ఆవిడ గొంతు పలకని పుస్తకం లేదు. ఆ పేరు పెట్టింది కూడా బడి పిల్లలే. ఇప్పుడా పనంతా మిషనే చేసేస్తోందట. పేజీ చూపిస్తే చాలు, గడగడా చదివి పారేస్తోందట. అందుకని స్టూడియో ఎత్తేస్తున్నారు.

"ఈ రికార్డింగులున్న హార్డు డిస్కులు కావాలంటే పట్టుకెళ్లండి. లేదంటే ఎల్లుండి పాత సామానుతో పాటే వెళ్లిపోతాయి," అన్నాడు మేనేజరు, ఫోనులోంచి తల ఎత్తకుండా.

డిస్కులు గుమ్మం పక్కన ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. గోడల మీంచి పీకిన స్పాంజి ముక్కలు, కాలు విరిగిన కుర్చీ వాటి మీదే పడేశారు. పాఠాలమ్మ మొగుడు వంగి, ఆ కుర్చీని పక్కకు జరిపి, ఒక్కో స్పాంజి ముక్కా తీసి గోడకు ఆనించాడు. అతనిది కంప్యూటర్ల రిపేరు. ఊళ్లో చిన్న దుకాణం. విసిరి పారేసిన డిస్కుల్ని చూస్తే అతనికి ఎవరో పసిపిల్లను నేల మీద పడుకోబెట్టినట్టు ఉంటుంది.

ఆవిడ మేనేజరు బల్ల ముందు నిలబడింది. "ఈ పాఠాలు పిల్లలు ఇంకా వింటు..." అనేసరికి గొంతు జీరపోయి మాట తెగింది. వెంటనే ఆవిడ రెండు అరచేతులూ కలిపి ఒక్కసారి చప్పట్లు కొట్టింది. మేనేజరు ఉలిక్కిపడి ఫోను దించాడు. ఆవిడ ఊపిరి పీల్చుకుని, వాక్యం మళ్లీ మొదటినుంచి అందుకుంది. "ఈ పాఠాలు పిల్లలు ఇంకా వింటున్నారండీ."

మూల నుంచి హెడ్‌ఫోన్ మాస్టారు నవ్వారు. రికార్డింగు చేసే పెద్దాయన. తల మీద హెడ్‌ఫోన్లు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు తక్కువ, ఆ రోజు అవి మెడలో వేలాడుతున్నాయి. "భయపడకండి సార్. అది మా పద్ధతి. చదువుతూ చదువుతూ తప్పు పోతే, ఆగి ఒక్కసారి చప్పట్లు కొట్టాలి. తెర మీద గీత నిటారుగా లేస్తుంది. సాయంత్రం నేను ఆ గీత చూసుకుని తప్పు ముక్క కోసేస్తాను. చప్పట్లు పడని వాక్యం ఉంటుంది, పడింది పోతుంది."

మేనేజరు తల ఊపి మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయాడు. అంతే, ఆవిడ అన్నేళ్ల కొలువుకు జరిగిన సన్మానం.

బయట ఆటో ఎక్కబోతుంటే మాస్టారు వెనకాలే వచ్చారు. "బాబూ, ఒక్కో పాఠానికీ రెండు ఫోల్డర్లుంటాయి. రఫ్ ఒకటి, ఫెయిర్ ఒకటి. పిల్లల నోటుబుక్కుల్లాగే. రఫ్ అంతా మా గోలే అనుకో. ఇవి మా పాత ప్రోగ్రాంలో తప్ప తెరుచుకోవు, ఆ ప్రోగ్రామేమో కొత్త కంప్యూటర్లలో ఎక్కదు. ఏం చేస్తావో మరి."

"నేను చూసుకుంటా మాస్టారూ," అన్నాడతను అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని. పక్కన పాఠాలమ్మ మెడకు చుట్టుకున్న స్కార్ఫు సర్దుకుంది. దాని కింద ఉన్నదాని గురించి ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. కొన్ని నెలలుగా బొంగురుపోతూ వచ్చిన గొంతుకు పెద్దాసుపత్రి వాళ్లు చివరికి పేరు పెట్టారు. వచ్చే వారం ఆపరేషను. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. మనిషి దక్కుతుంది, మాట దక్కదు. అతను ఒళ్లో పెట్టెను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఆ మాట ఇందులో ఉంది, దీన్ని మాత్రం ఎక్కడికీ పోనివ్వనని ఆటో దిగేలోపే తీర్మానించుకున్నాడు.

*

ఇంటి వెనక గది అతని ప్రయోగశాల. ఏదో ఆఫీసు వాళ్లు వదిలించుకున్న పాత కంప్యూటరు ఒకటి అక్కడ చాలాకాలంగా గోడ చూస్తూ నిలబడి ఉంది. మొహం సొట్టపోయింది గానీ లోపల గట్టి పిండం. అతను దాన్ని బల్ల మీద పడుకోబెట్టి పక్కరేకు ఊడదీశాడు. బ్రష్షుతో దుమ్ము దులిపి, ఎండిపోయిన పేస్టు గీకేసి కొత్తది రాశాడు. ఎప్పటెప్పటి కంప్యూటర్లలోంచో దాచిన మెమరీ ముక్కల్ని రబ్బరుతో తుడిచి, ఒక్కొక్కటే టక్కుమనేదాకా నొక్కాడు. కొత్తగా కొన్నది ఒక్క ఫ్యాను. మిగతావన్నీ ఇంట్లో పడున్నవే.

పని చేసేటప్పుడు స్క్రూలు పెదాల మధ్య పెట్టుకోవడం అతని అలవాటు. అప్పుడెవరు పలకరించినా "ఊఁ" తప్ప జవాబు రాదు.

"ఏం మరిదిగారూ, పెళ్లానికి ఆపరేషను పెట్టుకుని ఈ ఇనప డబ్బాతో సరసాలేంటి?" అంది వదిన, గుమ్మంలో నిలబడి. పాఠాలమ్మకు అక్క. చెల్లెలికి సాయంగా ఉండటానికి ముందే వచ్చేసింది. మరిదికి డబ్బాల డాక్టరని పేరు పెట్టింది కూడా ఆవిడే.

అతను స్క్రూలు అరచేతిలోకి తీసుకున్నాడు. "వదినా, ఇది ఉత్త డబ్బా కాదు. ఒక ఇల్లనుకోండి. కింద అంతస్తు మొత్తం బీరువా. పాఠాలన్నీ అందులో ఉంటాయి. ఇంట్లో ఏ ఫోనులోంచైనా, ఏ కంప్యూటర్లోంచైనా ఆ బీరువా తలుపు తీసుకోవచ్చు. పైన అంతస్తులో వాటాలు. ఒక్కో వాటాలో ఒక్కో కంప్యూటరు ఉన్నట్టు. నిజంగా ఉండదు, ఉన్నట్టు అది నమ్ముతుంది. ఒక వాటాలో పాత కాలం నడుస్తుంటుంది. మాస్టారి ప్రోగ్రాం అందులో కాపురం పెడుతుంది, బయట ప్రపంచం మారిపోయిందని దానికి చెప్పం. రెండో వాటా బడి పిల్లలకి. వాళ్లు అక్కడినుంచే వింటారు."

"అద్దె వస్తుందా?"

"రాదు."

"అనుకున్నా. మా చెల్లి మొగుడు చేసే పనిలో అద్దె ఎందుకొస్తుంది," అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

పాఠాలమ్మ టీ గ్లాసు పట్టుకుని వచ్చి, బల్ల పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చుంది. టీ అతని కోసమే, కానీ ఇవ్వకుండా చేతిలోనే ఉంచుకుంది. "ఎంతవరకు వచ్చింది?"

"అయిపోవచ్చింది."

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, చప్పట్లు కొట్టింది.

అతనికి నవ్వొచ్చింది. ఇంట్లో కూడా ఇదే వరస. అతను కోతలు కోస్తున్నాడనిపిస్తే చాలు, ఆవిడ వాదించదు, అరవదు, ఒక్కసారి చప్పట్లు కొట్టి ఊరుకుంటుంది. అతను మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి. "సగం కూడా కాలేదు," అన్నాడు. ఈసారి చప్పట్లు పడలేదు. టీ అతని చేతికొచ్చింది.

"ఆ రఫ్‌లో ఏముందో మీకు తెలుసా? ఒకసారి ఏమైందంటే..." అని ఆవిడ మొదలుపెట్టింది. గొంతు రంపంతో కోసినట్టు వస్తోంది. మాట మధ్యలో గాలి, గాలి మధ్యలో దగ్గు.

"మాట్లాడకు. గొంతు అలిసిపోతుంది. డాక్టరు అలిపించొద్దన్నాడు కదా."

డాక్టరు అలా అనలేదు. ఉన్నన్నాళ్లూ తనివితీరా మాట్లాడుకోండమ్మా అన్నాడు. అనేటప్పుడు ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆవిడ రెండు చేతులూ పైకి లేచాయి, మధ్యలో ఆగాయి, మెల్లగా ఒళ్లోకి దిగిపోయాయి. కాసేపు ఫ్యాను రెక్కలు తిరగడం చూసి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

అతను చెడ్డవాడని కాదు. ఆ బొంగురు గొంతు అతను వినలేకపోయేవాడు, అంతే. అది ఆవిడ గొంతు కాదని, రోగం గొంతని అతని నమ్మకం. అసలైన గొంతు అట్టపెట్టెలో భద్రంగా ఉంది. దాన్ని బయటికి తీసి ఆవిడ చెవిన వేస్తే ఆవిడకు ఆవిడ తిరిగి దొరుకుతుంది. అదే ధ్యాసలో పడి, ఇంట్లో తిరుగుతున్న మనిషి మొహానే అతను తలుపు వేస్తున్నాడు.

మర్నాడు డిస్కుల వంతు వచ్చింది. అతను వాటిని ఒక్కొక్కటే తగిలించి, స్క్రూడ్రైవరు మొన డిస్కు మీద, పిడి తన చెవి మీద ఆనించి విన్నాడు. డాక్టరు ఛాతీ చూసినట్టే. మొదటిది నున్నగా తిరుగుతోంది. రెండోదీ అంతే. మూడోది కాస్త గురక పెడుతోంది గానీ ఫరవాలేదు. నాలుగోది టిక్కు, టిక్కు అంటోంది. ఆ టిక్కు అతనికి బాగా తెలుసు. ఇంకెన్నాళ్లో ఉండదది.

సరిగ్గా అప్పుడే ముందు గదిలో పాఠాలమ్మ పేపరు తీసుకుని అక్కకు చదివి వినిపించడం మొదలుపెట్టింది. వార్తలన్నీ ఆ బొంగురు గొంతుతోనే, మధ్యమధ్య చప్పట్లతో. అక్క ఏదో అంటోంది, ఇద్దరూ నవ్వుతున్నారు. ఆవిడ నవ్వు ఇప్పుడు పాత తలుపు కిర్రుమన్నట్టు వస్తోంది. డిస్కు చప్పుడు సరిగా వినపడటం లేదని అతను లేచి తలుపు దగ్గరగా వేశాడు.

టిక్కుమనే డిస్కులో ఉన్నదంతా ఊపిరి బిగబట్టి మిగతావాటిలోకి లాగేశాడు. ఒక్క ఫైలు పోలేదు. అతను గర్వపడవలసిన పనే అది. ఆ తర్వాత లెక్క అడ్డం తిరిగింది. ఉన్నవి మూడు డిస్కులు. వాటిలో ఏ ఒక్కటి చచ్చిపోయినా పాఠాలు బతకాలంటే, మూడింటినీ కలిపి కట్టి, ప్రతి ఫైలుకీ కాపుగా ఇంకో చోట నకలు పెట్టాలి. కాపు పెడితే చోటు తగ్గిపోతుంది. పైన వాటాలకు కూడా చోటు కావాలి. కాపు మానేస్తే అన్నీ పడతాయి. కానీ కాపు లేని డిస్కుల మీద పెళ్లాం గొంతు పెట్టేంత తెలివితక్కువవాడు కాదతను. కాపు లేక సర్వం పోగొట్టుకుని దుకాణంలో కూర్చుని ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాడు.

కొత్త డిస్కు కొనొచ్చు. ఆసుపత్రి ఖర్చు గుర్తొచ్చి ఆ ఆలోచన పక్కన పెట్టాడు. ఫోల్డర్ల బరువు తూచి చూశాడు. ఫెయిర్‌లన్నీ కలిపినా ఒక మూలకు వస్తాయి. చోటంతా మింగేస్తున్నవి రఫ్‌లు. ఒక్కో పాఠానికీ గంటల తరబడి సరుకు. రఫ్ అంతా మా గోలే అని మాస్టారే అన్నారు కదా. తప్పులు, దగ్గులు, చప్పట్లు. ఎవరికి కావాలవి? ఫెయిర్ చేసుకున్నాక రఫ్ నోటుబుక్కు ఎవరైనా దాచుకుంటారా?

ఒక్కమాట ఆవిడనడుగుదామా అనిపించింది. తలుపు సందులోంచి చూశాడు. ఆవిడ పేపరు మడిచి, అక్క భుజం మీద తలపెట్టి కళ్లు మూసుకుని ఉంది. చెత్త పారేయడానికి కూడా ఆవిణ్ని లేపాలా అనుకుని తిరిగొచ్చాడు.

ఫెయిర్‌లను వేరే కంప్యూటర్లోకి తీసిపెట్టుకుని డిస్కులు చెరపబోతే, కంప్యూటరు ఖాయమేనా అని అడిగింది. ఖాయమే అన్నాడు. డిస్కులు మూడింటినీ చెరిపి, ఒకటిగా కట్టి, ఫెయిర్‌లను వెనక్కి పోశాడు. పని నల్లేరు మీద బండిలా సాగిపోయింది.

ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు సాయంత్రం ఆవిడ మళ్లీ వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. "ఈ పూటకి ఆ డబ్బా వదిలెయ్యండి. కాసేపు డాబా మీద కూర్చుందాం."

పై వాటాలో పాత కాలం ఎక్కుతోంది. నీలం గీత నత్తలా పాకుతోంది. ఇప్పుడు లేస్తే మళ్లీ మొదటికొస్తుందేమోనని అతని భయం. "ఇదొక్కటీ ఎక్కనీ. రేపు నువ్వు లోపలికెళ్లేముందు నీ గొంతు నీకు వినిపిస్తా. నీ అసలు గొంతు."

"అసలు గొంతా?" అంది ఆవిడ. ఆ గీత ఒక చోట ఆగిపోయి ముందుకు కదలడం మానేసేదాకా పక్కనే కూర్చుంది. అతను విసుక్కుంటూ మళ్లీ మొదలుపెట్టాడు. ఆవిడ అతని వీపు మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి, తీసేసి, అక్క దగ్గరికి వెళ్లిపోయింది. డాబా మీద నుంచి ఇద్దరి మాటలూ లీలగా వినపడ్డాయి. ఏం మాట్లాడుకున్నారో కింద ఫ్యాను చప్పుడులో అతనికి తెలియలేదు.

మర్నాటికీ అది ఎక్కలేదు. ఆసుపత్రిలో ఆకుపచ్చ బట్టలు తొడిగి, చక్రాల మంచం మీద లోపలికి తీసుకుపోతుంటే అతను పక్కనే నడిచాడు. తలుపు దగ్గర నర్సు అతన్ని ఆగమంది. పాఠాలమ్మ తల తిప్పి అతన్ని చూసింది. అతను ఏదో పెద్ద మాట కోసం వెతుక్కుంటున్నాడు.

"వెనక తలుపు గడియ పెట్టారా?" అంది ఆవిడ.

అతను తల ఊపాడు. తలుపులు మూసుకున్నాయి. ఆ గొంతుతో ఆవిడ అన్న ఆఖరి మాట అదే.

*

ఆపరేషను బాగానే జరిగింది. గడ్డ మొత్తం తీసేశామన్నారు. మెడ కింద చిన్న రంధ్రం, దానికో గొట్టం. ఆవిడ ఇక ఊపిరి పీల్చేది అందులోంచే. నర్సు ఒక తెల్ల పలక, స్కెచ్ పెన్ను ఇచ్చింది. ఆవిడ రాయాల్సింది రాసి, చూపించి, అరచేత్తో చెరిపేస్తోంది. మొదటి రోజు రాసినవన్నీ అవసరాలే. నీళ్లు. నొప్పి. దిండు. రెండో రోజు రాసింది, అక్క తిన్నదా అని.

అతను మధ్యాహ్నాలు ఇంటికొచ్చి డబ్బా ముందు కూర్చునేవాడు. ఒక పూట, ఎప్పుడూ జరిగేదే జరిగింది. ఎక్కడ తప్పు పోతోందో అర్థమైంది. చాలా చిన్న తప్పు. పాత కాలం వాటాకు కొత్త కాలం తాళం వేశాడు, అందుకే తలుపు తెరుచుకోలేదు. దాన్ని మార్చాడు. మాస్టారి ప్రోగ్రాం కళ్లు నులుముకుంటూ లేచింది. ఒక పాఠం తెరిచి నొక్కాడు.

"నాలుగో పాఠం. నదులు ఎలా పుడతాయి."

గది నిండిపోయింది. కడిగిన గాజులా స్వచ్ఛమైన గొంతు. ఒక్క జీర లేదు. అతను కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు వాటంతటవే కారిపోతున్నాయి. "వదినా," అని కేకేశాడు.

వదిన తడిచేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి విన్నది. కొండలు, మంచు, వాగులు అన్నీ విన్నది. ఆవిడ కూడా ఏడుస్తుందని అతను ఎదురుచూశాడు. ఆవిడ ఏడవలేదు. కాసేపటికి, "బాగుంది. బళ్లో టీచరమ్మలా ఉంది," అంది. "మా చెల్లి ఇంట్లో ఎప్పుడన్నా ఇలా మాట్లాడిందా మరిదిగారూ?"

అతనికి కాస్త కోపం వచ్చింది. మెచ్చుకోవడం రాకపోతే పోనీ, వంకలెందుకు అనుకున్నాడు. ఆ పాఠాన్ని ఫోనులోకి తెచ్చుకునే దారి చూసి, ఆసుపత్రికి బయల్దేరాడు. ఆసుపత్రిలో ఉన్న ఫోనులోంచి ఇంట్లో ఉన్న బీరువా తెరుచుకుంటుంది. తను కట్టిన ఇల్లు అంత బాగా నిలబడింది. దారంతా ఛాతీ పొంగుతూనే ఉంది.

అతను వెళ్లేసరికి హెడ్‌ఫోన్ మాస్టారు మంచం పక్కన కూర్చుని ఉన్నారు. చూడటానికి వచ్చారు. అతను ఏమీ చెప్పకుండా ఫోను దిండు మీద, ఆవిడ చెవి పక్కన పెట్టి నొక్కాడు. నాలుగో పాఠం. నదులు ఎలా పుడతాయి.

పాఠాలమ్మ విన్నది. ఎవరో పక్కింటావిడ చదువుతుంటే విన్నట్టు విన్నది. ఒక చోట మాత్రం, ఒత్తు సరిగా పలకలేదని వేలుతో గాల్లో కొట్టేసి చూపించింది. మాస్టారు మురిసిపోయారు. పాఠం అయిపోయాక ఆవిడ పలక తీసుకుంది. రెండే మాటలు రాసి అతని వైపు తిప్పింది.

రఫ్ పెట్టండి.

"అదీ, ఇంటికొచ్చాక," అన్నాడతను. నోట్లో ఎవరో స్క్రూలు పోసినట్టయింది.

"అదీ మాట," అన్నారు మాస్టారు. "ఇప్పుడు విన్నది నేను కోసి కుట్టిన గొంతు బాబూ. అమ్మ ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా ఉండనిచ్చేవాణ్ని కాదు, పిల్లల ధ్యాస చెదురుతుందని. అసలు మనిషి రఫ్‌లోనే ఉంది. మైకు ఆపేవాళ్లం కాదు కదా. పొద్దున ఆన్ చేస్తే సాయంత్రమే. ఒక రోజు రసాయనశాస్త్రం చదువుతూ ఒక మాట దగ్గర పదకొండు చప్పట్లు కొట్టి, ఇద్దరం నవ్వలేక చచ్చాం. నువ్వు ఫోను చేసేవాడివి, మైకు ముందే మాట్లాడేసేది. గ్యాసు ఆపావా, గొడుగు తీసుకెళ్లావా, నిన్ను తిట్టడం, బతిమాలడం, ఏదో కూనిరాగం తీయడం. గొంతు మొరాయించడం మొదలైన రోజులు కూడా ఉన్నాయి అందులో. రఫ్ అంతా మా గోలే అన్నాను చూడు నీతో, ఆ గోలకి ఎక్కడ దిష్టి తగులుతుందోనని అలా తేలిగ్గా అన్నాను."

పాఠాలమ్మకు నవ్వొచ్చింది. భుజాలు కదిలాయి, నోరు విచ్చుకుంది, మెడ దగ్గరి గొట్టంలోంచి గాలి ఉఫ్ ఉఫ్ మని వచ్చింది. శబ్దం లేదు. ఆవిడ పలక మీద రాసింది ఒక చేత్తో చెరిపేసి, అతని కేసి చూసింది. అతను మంచం కింద చెప్పులు సరిచేస్తున్నట్టు వంగాడు.

ఇంటికొచ్చి డబ్బా ముందు కూర్చున్నాడు. చేయగలిగిందేమీ లేదని అతనికంటే బాగా తెలిసినవాళ్లు ఊళ్లో లేరు. పోయిన ఫైళ్లు వెతికిపెట్టమని ఎంతమంది వస్తారో అతని దుకాణానికి. మీదనుంచి మళ్లీ రాయకుండా ఉంటే ఆశుంది, రాసేస్తే లేదు అని ఎంతమందికి చెప్పి పంపాడో. ఇక్కడ రాసేశాడు. మూడు డిస్కులూ కలిపి, అంచు నుంచి అంచుదాకా, కాపుతో సహా. అయినా వెతికాడు. టిక్కుమనే నాలుగో డిస్కు గుర్తొచ్చి చెత్తబుట్టలోంచి తీసి తగిలించాడు. అది ఒకటి రెండు సార్లు గింజుకుని, చప్పుడు చేయడం మానేసింది.

ఆ తర్వాత ఫెయిర్‌లు వినడం మొదలుపెట్టాడు. మాస్టారు ఎక్కడో ఒక చోట ఏమరుపాటున కోయడం మరచిపోయి ఉండరా అని. ఒక దగ్గు. ఒక చప్పట్ల చప్పుడు. పాఠం మొదలయ్యే ముందు ఒక్క ఊపిరి. చరిత్ర విన్నాడు, లెక్కలు విన్నాడు, మొక్కలు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో విన్నాడు. ఒకదాని తర్వాత ఒకటి, గాజులా, నున్నగా. మాస్టారి కత్తెర ఎక్కడా గురి తప్పలేదు. అన్నేళ్ల పాఠాల్లో ఆవిడ ఒక్కసారి కూడా ఊపిరి పీల్చలేదు. కిటికీలో ఎండ తగ్గిపోయింది. అతను బల్ల మీద తలపెట్టుకుని ఏడ్చాడు. వదిన గుమ్మం దాకా వచ్చి, అతన్ని చూసి వెనక్కి వెళ్లిపోయింది.

*

పాఠాలమ్మ ఇంటికొచ్చిన రోజు వదిన గుమ్మం కడిగి, పక్క దులిపి, కిటికీలన్నీ తెరిచిపెట్టింది. ఆవిడ మంచం ఎక్కలేదు. మెడ స్కార్ఫు సర్దుకుని, గోడ పట్టుకుని నెమ్మదిగా నడుస్తూ నేరుగా వెనక గదిలోకి వెళ్లింది. ముక్కాలిపీట మీద కూర్చుంది. డబ్బాను ఇప్పుడే సరిగా చూస్తున్నట్టు, సొట్టపోయిన మొహం మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. ముందు భాగంలో పచ్చలైటు టపటపా కొట్టుకుంటోంది.

"బడి పిల్లలు వింటున్నారు," అన్నాడతను. "రెండో వాటాలోంచి. నిన్ననే కలిపాను. అందరూ ఒకేసారి వింటున్నా ఆగడం లేదు."

ఆవిడ కళ్లు మెరిశాయి. సంతోషించింది, అందులో సందేహం లేదు. ఆ లైటు ఎంతసేపు చూసిందో, తర్వాత పలక ఒళ్లో పెట్టుకుని రాసింది.

రఫ్.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. అతను మరో కుర్చీ లాక్కుని ఆవిడకు ఎదురుగా కూర్చున్నాడు. రెండు రోజులుగా కూర్చుకున్న మాట ఒకటుంది అతని దగ్గర. నాలుక చివరే ఉంది.

"ఒక డిస్కు చెడిపోయింది. నేను విన్నాను కదా, టిక్కు టిక్కుమని. రఫ్‌లన్నీ దాంట్లోనే..."

ఆవిడ చప్పట్లు కొట్టింది.

ఒక్కటే. ఆ గదిలో అది గట్టిగా వినపడింది. ఆవిడ మొహంలో కోపమేమీ లేదు. మైకు ముందు కూర్చున్నప్పుడు ఉండే మొహమే అది. తప్పు పోయింది, మళ్లీ అందుకో అన్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది.

అతను కళ్లు తుడుచుకున్నాడు. ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

"నేనే చెరిపేశాను. చోటు చాల్లేదు. ఫెయిర్ ఉంటే చాలనుకున్నాను. నువ్వు చెప్పబోతే మాట్లాడొద్దన్నాను. డాక్టరు అనలేదు, నేనే అన్నాను. ఆ బొంగురు గొంతు నేను వినలేకపోయాను. పేపరు చదువుతుంటే తలుపు వేసుకున్నాను. డాబా మీదికి రమ్మంటే రాలేదు. రఫ్ లేదు. ఇక రాదు. ఒక్క ముక్క కూడా లేదు."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పచ్చలైటు కొట్టుకుంటూనే ఉంది. ఎక్కడో ఒక బళ్లో ఆవిడ గొంతు పిల్లలకు పాఠం చెబుతోంది.

అతను ఆవిడ మొహం చూడలేక చేతుల కేసి చూశాడు. చన్నీళ్లలో నానినట్టు పాలిపోయిన చేతులు, మణికట్టు మీద సూది గుచ్చిన చోట నల్లటి కమిలిన మచ్చ. ఒక్కసారి చప్పట్లు కొడితే బాగుండునని అతను మనసులో వేడుకున్నాడు. కొడితే ఇదంతా తప్పు వాక్యమని తేలిపోతుంది, కోసేయొచ్చు, మళ్లీ మొదటినుంచి చెప్పొచ్చు. ఆ చేతులు పలక మీద రాసిన మాటను మెల్లగా చెరిపేసి, ఒళ్లో ఒకదానిమీద ఒకటి పడుకున్నాయి. అతను చాలాసేపు చూశాడు. చప్పట్లు పడలేదు.